పొలం చైను నుంచి రిమోట్ ట్యాంకు దాకా

రిమోట్‌తో నడిచే ట్యాంకు నమూనాలో తుపాకీ గొట్టం, పొగ, ఇంజను చప్పుడు ముందుగా ఆకట్టుకుంటాయి. కానీ దాన్ని మామూలు బొమ్మకారు నుంచి వేరు చేసేది చైను. చక్రం తన బరువునంతా నేల మీద ఒక్క చోట మోపుతుంది. చైను ఆ బరువును పొడుగునా పరిచి, మెత్తటి నేల మీద కూడా దిగబడకుండా సాగిపోతుంది. నంద్యాల జిల్లాలో జూపాడు బంగ్లా, నందికొట్కూరు వైపు వరి పండించే రైతుకు ఈ సంగతి ఎవరూ చెప్పనక్కర్లేదు. కోతల వేళ వాన పడి మడి ఆరకపోతే టైర్ల కోతమిషను గట్టు మీదే ఆగిపోతుంది. చైను మిషను మాత్రం మడిలోకి దిగి కోసుకుంటూ పోతుంది.

ట్యాంకు పుట్టుకకు మూలం ఇలాంటి మెత్తటి పొలమే. అమెరికాలోని కాలిఫోర్నియాలో స్టాక్‌టన్ దగ్గరి లంకభూములు ఎంత మెత్తనివంటే, అక్కడ ఆవిరి ట్రాక్టర్లు బరువుకు కూరుకుపోయేవి. చక్రాల వెడల్పు పెంచుతూ పోయినా ఫలితం అంతంత మాత్రమే. బెంజమిన్ హోల్ట్ అనే యంత్రాల తయారీదారు 1904 నవంబరులో తన ఆవిరి ట్రాక్టరుకు వెనుక చక్రాలు తీసేసి, చెక్క పలకలు బిగించిన చైన్లు తగిలించి నడిపి చూశాడు. ట్రాక్టరు దిగబడలేదు. పదేళ్ళ తర్వాత మొదటి ప్రపంచ యుద్ధం వచ్చేసరికి, హోల్ట్ ట్రాక్టర్లు యూరపులో బరువైన ఫిరంగులను లాగే పనిలో కుదిరాయి.

కందకాలు, ముళ్ళకంచెలు దాటి పోగల కవచ వాహనం కావాలని బ్రిటన్ తలపోసినప్పుడు, ఆ పని లింకన్ పట్టణంలోని విలియం ఫాస్టర్ కంపెనీకి అప్పజెప్పింది. అది వ్యవసాయ యంత్రాలు చేసే కంపెనీ. అక్కడ విలియం ట్రిటన్, వాల్టర్ విల్సన్ కలిసి 1915లో చేసిన తొలి వాహనం పేరు లిటిల్ విల్లీ. అమెరికా నుంచి తెప్పించి దానికి తగిలించిన చైను పదేపదే ఊడిపోవడంతో, ట్రిటన్ ఉక్కు పలకలతో కొత్త చైను రూపొందించాల్సి వచ్చింది. ట్యాంకుకు తొలి ఆటంకం శత్రువు తుపాకీ కాదు, నిలవని చైను. వందేళ్ళు దాటాక కూడా ట్యాంకు నమూనాలు నడిపేవారు మొదట ఎదుర్కొనే ఇబ్బంది ఇదే కావడం విశేషం.

ట్యాంకులు తొలిసారి యుద్ధంలోకి దిగింది 1916 సెప్టెంబరు 15న, ఫ్రాన్సులోని సోమ్ రంగంలో, ఫ్లెర్స్ గ్రామం వైపు. దాదాపు రెండు నెలల ముందు, జూలై 14న, అదే సోమ్ రంగంలో హైవుడ్ అడవి దగ్గర దక్కన్ హార్స్ ఆశ్వికదళం గుర్రాల మీద బల్లేలతో దాడికి దూకింది. హైదరాబాదులో 1790లో నిజాము కొలువు కోసం పుట్టిన దళం అది. గుర్రం యుగం ముగియడం, చైను యుగం మొదలవడం ఒకే రంగంలో, ఒకే వేసవిలో జరిగాయి. అదే దళం రెండో ప్రపంచ యుద్ధంలో గుర్రాలకు బదులు ట్యాంకులెక్కి, 1945లో బర్మాలోని మెయిక్టిలా దగ్గర షెర్మన్ ట్యాంకులతో పోరాడింది. 1965 సెప్టెంబరులో పంజాబులో ఖేమ్‌కరణ్ దగ్గరి అసల్ ఉత్తర్ యుద్ధంలో పాకిస్తాన్ ప్యాటన్ ట్యాంకులను ఎదిరించిన దళాల్లో కూడా షెర్మన్లతో దక్కన్ హార్స్ ఉంది. ట్యాంకు చరిత్రలో తెలుగు నేలకు ఇంత లోతైన చుట్టరికం ఉందన్న సంగతి ఇక్కడి నమూనాల అభిమానుల్లో చాలామందికి తెలియదు. తెలిస్తే ఏ ట్యాంకుతో మొదలుపెట్టాలన్న ప్రశ్నకు చాలామంది షెర్మన్ పేరే చెబుతారు.

తొలినాటి మార్క్-1 ట్యాంకును మలుపు తిప్పడం నలుగురి పని. డ్రైవరు, పక్కన బ్రేకులు పట్టే అధికారి, వెనుక ఒక్కో చైనుకు ఒక్కో గేరు మనిషి. ఇంజను రొదలో మాట వినపడదు కాబట్టి ఇంజను మూత మీద కొట్టి, చేతి సైగలతో వెనకవాళ్ళకు చెప్పేవారు. ఒకవైపు చైను ఆపి రెండోవైపు చైను నడిపితే బండి ఆగిన వైపుకు తిరుగుతుంది. విల్సన్ కొత్త గేరు అమరికతో 1918లో మార్క్-5 వచ్చాకే ఒక్క డ్రైవరు ట్యాంకును తిప్పగలిగాడు. నమూనాలో నలుగురు మనుషుల పనిని రెండు చిన్న మోటార్లు చేస్తాయి. ఎడమ చైనుకు ఒకటి, కుడి చైనుకు ఒకటి. రెండూ సమానంగా తిరిగితే నేరుగా పోతుంది, ఒకటి నెమ్మదిస్తే ఆ వైపు వంగుతుంది, రెండూ వ్యతిరేక దిశల్లో తిరిగితే ఉన్నచోటనే గిర్రున తిరుగుతుంది.

దూరం నుంచి నడపడం అన్న ఆలోచన ట్యాంకు కంటే పాతది. నికోలా టెస్లా 1898లో న్యూయార్కులో రేడియోతో నడిచే చిన్న పడవను జనానికి చూపించాడు. దాన్ని ట్యాంకుకు అన్వయించింది సోవియట్ యూనియన్. టీ-26 ట్యాంకుకు రేడియో పరికరాలు అమర్చి, కిలోమీటరు అటూఇటూ వెనక ఉండే మరో ట్యాంకులో కూర్చుని నడిపేవారు. 1939-40 చలికాలంలో ఫిన్లాండు యుద్ధంలో వాటిని వాడారు. జర్మనీ 1942లో గోలియత్ అనే నడుమెత్తు కూడా లేని చైను బండిని దింపింది. అరవై కిలోల పేలుడు మందు మోసుకుపోయే ఆ బండిని వెనక విప్పుకుంటూ పోయే తీగ ద్వారా నడిపేవారు. తీగ తెగితే పని ఆగిపోయేది. యుద్ధంలో ఈ రెండూ గొప్ప ఫలితమేమీ ఇవ్వలేదు. కానీ రేడియో, తీగ అనే ఆ రెండు దారులే తర్వాత బొమ్మల తయారీలో ఒకదాని తర్వాత ఒకటిగా వచ్చాయి.

అభిరుచిగా ఈ ఆట రూపుదిద్దుకున్నది జపానులోని షిజువోకా పట్టణంలో. అక్కడి తమియా కంపెనీ 1946లో కలప వ్యాపారంగా మొదలై, చెక్క నమూనాల మీదుగా ప్లాస్టిక్ నమూనాలకు మళ్ళింది. 1961 చివర జర్మన్ పాంథర్ ట్యాంకును మోటారుతో నడిచే కిట్‌గా విడుదల చేసింది. లోపల మోటారు, రెండు బ్యాటరీలు పట్టేలా కొలతలు వేశారు. తీరా తయారయ్యాక చూస్తే అది అసలు ట్యాంకులో సుమారు ముప్పై అయిదో వంతు వచ్చింది. అలా బ్యాటరీ సైజు నిర్ణయించిన 1/35 నిష్పత్తి తర్వాత ప్రపంచమంతటా సైనిక వాహనాల నమూనాలకు ప్రామాణికమైంది. ఆ కాలపు జపాను కిట్లలో రిమోట్ అంటే తీగ చివరన వేలాడే పెట్టె. బ్యాటరీలు ఆ పెట్టెలోనే ఉండేవి, దాన్ని చేతిలో పట్టుకుని ట్యాంకు వెంటే నడవాలి.

తీగ తెగి రేడియో వచ్చింది 1974లో. తమియా రేడియోతో నడిచే తన తొలి నమూనాగా 1/16 నిష్పత్తిలో షెర్మన్‌ను తెచ్చింది. ఆ కంపెనీకి పేరు తెచ్చిన రేడియో కార్లు తర్వాతివి, పోర్షే 934 వచ్చింది 1976లో. 1/16 అంటే అసలు షెర్మన్ దాదాపు 5.84 మీటర్ల పొడవు కాబట్టి నమూనా ముప్పై ఆరున్నర సెంటీమీటర్లు ఉంటుంది. రేడియో పెట్టె, మోటార్లు, పెద్ద బ్యాటరీ పట్టడానికి, పెరట్లో మట్టి మీద నడవడానికి ఈ సైజు సరిగ్గా సరిపోయింది. ఆళ్ళగడ్డ శిల్పులు తాళమానం పట్టి ముఖం కొలతతో మిగతా శరీరమంతా లెక్కగట్టినట్టే, ఇక్కడ కూడా ఒక నిష్పత్తి ఖాయమైతే చైను పలక వెడల్పు దగ్గర్నుంచి మూత మీది మేకు దాకా అన్నీ దాన్నే అనుసరిస్తాయి.

రెండు వేల సంవత్సరం అటూఇటూ తమియా షెర్మన్, కింగ్ టైగర్, టైగర్-1 నమూనాలను కొత్తగా తీర్చింది. ఇంజను శబ్దం, పేలుడు శబ్దం, పేలినప్పుడు గొట్టం వెనక్కి జరగడం, బండి మొత్తం ఊగడం వీటిలో చేరాయి. పరారుణ కిరణంతో ఒక ట్యాంకు మరో ట్యాంకును కొట్టే ఏర్పాటు వచ్చాక, ఒంటరి ఆట పదిమంది కలిసి ఆడే పోటీ అయింది. అయితే వీటి ధర సామాన్యుడికి అందేది కాదు. ఆ గోడను పడగొట్టింది చైనాలోని గ్వాంగ్‌డాంగ్ రాష్ట్రపు హెంగ్ లాంగ్ కంపెనీ. ప్లాస్టిక్ చైన్లతో, ప్లాస్టిక్ గుళ్ళు పేల్చే తుపాకీతో, పెట్టె విప్పగానే నడిచే 1/16 ట్యాంకులను చవకగా అమ్మింది. పనితనంలో అవి తమియాకు సాటి రావు. అయినా ప్రపంచంలో ఎక్కువమంది ఈ అభిరుచిలోకి అడుగుపెట్టింది వాటి ద్వారానే, అది చిన్న సేవ కాదు.

భారతదేశంలో రేడియోతో ఆడుకోవడం చాలాకాలం చట్టపరమైన చిక్కులతో కూడిన పని. 1933 నాటి వైర్‌లెస్ టెలిగ్రఫీ చట్టం కింద రేడియో పరికరం ఉంచుకోవడానికి లైసెన్సు కావాల్సి ఉండేది. 2.4 గిగాహెర్ట్జ్ పట్టీలో తక్కువ శక్తి పరికరాలకు లైసెన్సు అక్కర్లేదని ప్రభుత్వం 2005లో ప్రకటించింది. సాంకేతికంగా కూడా అది సరైన సమయం. అంతకుముందు 27 మెగాహెర్ట్జ్ బొమ్మల్లో ఒకే ఫ్రీక్వెన్సీవి రెండు దగ్గరగా ఉంటే ఒక రిమోట్ నొక్కితే రెండూ కదిలేవి. కొత్త పట్టీలో ప్రతి రిమోట్ తన బండినే గుర్తుపట్టి నడుపుతుంది. ధర మాత్రం ఇంకోవైపు నుంచి పెరిగింది. బొమ్మల దిగుమతి సుంకం 2020లో 20 శాతం నుంచి 60 శాతానికి, 2023లో 70 శాతానికి చేరింది. 2021 జనవరి నుంచి బొమ్మలకు బీఐఎస్ గుర్తు తప్పనిసరి అయింది.

తెలుగు నేల మీద అసలు చైను బండ్ల తయారీ నమూనాల కంటే ముందే మొదలైంది. సంగారెడ్డి జిల్లా ఎద్దుమైలారంలో 1984లో నెలకొల్పిన ఆయుధ కర్మాగారం, సోవియట్ బీఎంపీ-2 వాహనాన్ని శరత్ పేరుతో తయారుచేస్తోంది. పద్నాలుగు టన్నుల పైచిలుకు బరువు, ముగ్గురు సిబ్బంది, ఏడుగురు సైనికులు, నీటిలో ఈదే శక్తి దాని లక్షణాలు. ఈ బీఎంపీ-2 ఆధారంగానే చెన్నై పక్కన ఆవడిలోని రక్షణ పరిశోధన సంస్థ ముంత్ర అనే మనిషి లేని చైను వాహనాన్ని రూపొందించి 2017లో చూపించింది. నిఘాకు ఒకటి, మందుపాతరలు వెతకడానికి ఒకటి, అణు, రసాయన ప్రమాదాలు పసిగట్టడానికి ఒకటిగా దానిలో మూడు రకాలున్నాయి. 1/16 బొమ్మలో రిమోట్ చేసే పనినే అక్కడ పూర్తి సైజులో చేయిస్తారు. జూపాడు బంగ్లాకు ఇంకా దగ్గరగా, ట్యాంకు నమూనాను వాడిన చోటు కర్నూలు పరీక్షా కేంద్రం. 2019 సెప్టెంబరు 11న డీఆర్‌డీవో అక్కడ, ఒక మనిషి మోసుకెళ్ళగల ట్యాంకు విధ్వంసక క్షిపణిని పరీక్షించింది. లక్ష్యంగా పెట్టింది నిజమైన ట్యాంకును తలపించే నమూనా. క్షిపణి పైనుంచి దిగి దాన్ని ఛేదించింది.

ఈ ప్రాంతంలో కొత్తగా మొదలుపెట్టేవారికి నేలే మొదటి పరీక్ష. నల్లరేగడి ఎండాకాలంలో నెర్రెలు విచ్చి, చిన్న చైను మధ్యలో ఇరుక్కునేంత చీలికలు వేస్తుంది. తడిస్తే జిగురులా పట్టుకుని పళ్ళచక్రం సందుల్లో గట్టిపడుతుంది. మొదటి నెలల్లో చదునైన కళ్ళం, గచ్చు నేల, కాలువ గట్టు మీది పొడి ఇసుకబాట మేలు. ఇసుకలో కూడా ఉన్నచోటనే గిర్రున తిప్పితే చైను అడ్డంగా మట్టిని తోస్తూ పక్కకు లాగబడి, పళ్ళచక్రం మీద నుంచి జారిపోతుంది. కాస్త ముందుకు పోనిస్తూ వెడల్పుగా తిప్పడం అలవాటు చేసుకోవాలి. చైను బిగువు కూడా చూసుకోవాలి. పై వరస చక్రాల మధ్య కొద్దిగా వేలాడాలి. తీగలా బిగిస్తే మోటారు వేడెక్కుతుంది, మరీ వదిలేస్తే మలుపులో ఊడుతుంది. చివరి చక్రాన్ని ముందుకు వెనక్కి జరిపి దీన్ని సరిచేస్తారు. లోపల నుంచి టకటకమని పళ్ళు దాటుతున్న చప్పుడు వస్తే వెంటనే ఆపాలి. ఎక్కువసార్లు అది చైనుకూ చక్రానికీ మధ్య ఇరుక్కున్న గులకరాయి. అలాగే నడిపిస్తే ప్లాస్టిక్ గేరు పళ్ళు అరిగిపోతాయి.

ఏ ట్యాంకు కొనాలన్నది రెండో ప్రశ్న. షెర్మన్ చైను ఇరుకు, బండి తేలిక, విడిభాగాలు సులువుగా దొరుకుతాయి. టైగర్ చైను వెడల్పు, నేల మీద నిలకడ ఎక్కువ, కానీ చక్రాలు ఒకదాని మీద ఒకటి పొదిగినట్టుండి మట్టి తీయడం కష్టం. మన సైన్యం వాడే టీ-90, టీ-72 నమూనాలు కూడా హెంగ్ లాంగ్ తెచ్చింది. నల్లరేగడి ఊళ్ళలో ఉండేవారికి, చక్రాలు విడివిడిగా ఉన్న షెర్మన్ గానీ టీ-72 గానీ తగినది. బ్యాటరీ లిథియం రకమైతే నంద్యాల ఎండల్లో కారులో వదలకూడదు, ఛార్జింగు పెట్టి ఇల్లు దాటి పోకూడదు. కొన్నాళ్ళకు ప్లాస్టిక్ చైను తీసి ఇనుప చైను వేయాలనిపిస్తుంది. నమూనాకు నిజమైన బరువూ చప్పుడూ వచ్చేది అప్పుడే. కానీ ఆ బరువు ప్లాస్టిక్ గేర్లు మోయలేవు. చైనుతోపాటు పళ్ళచక్రం, చివరి చక్రం, గేరుపెట్టె కూడా లోహంవే వేసుకోవాలి.