ఒక తరగతి – ఇద్దరు గురువులు

శ్రోతలారా, నేను ముప్పదియేండ్లకు పైగా పిల్లలకు చరిత్రపాఠము చెప్పినవాడను. పుస్తకమందున్న ఒక్క కథను చెప్పి, పరీక్షకు సిద్ధపఱచి, నా పని ముగిసినదని తలంచుచుంటిని. ఇశ్రాయేలు దేశమందలి కొన్ని పాఠశాలలనుగూర్చి తెలిసికొన్న పిమ్మట ఆ తలంపు మాఱినది. దానినే నేడు మీకు మనవిచేసెదను.

ఆ రాజ్యము 1948 మే 14వ తేదీన ఏర్పడినది. మత, జాతి, లింగ భేదము లేక పౌరులందఱికిని సమానమైన హక్కులుండునని నాటి ప్రకటనలో వ్రాసిరి. ఆ కాలపు యుద్ధములో సుమారు ఏడు లక్షల పాలస్తీనీయులు కొందఱు భయముచేతను, కొందఱు వెడలగొట్టబడియు ఇల్లువాకిలి కోలుపోయిరి. మిగిలి ఇశ్రాయేలు పౌరులైనవారి సంతతి నేడు జనసంఖ్యలో ఇంచుమించు ఐదవ వంతు. ప్రకటన అట్లుండగా, ఈ అరబ్బు పౌరులలో పెక్కుమంది 1966 వఱకు సైనికపాలన క్రింద నుండిరి. పొరుగూరికి పోవుటకును అనుమతిపత్రము కావలసివచ్చెను. ప్రభుత్వము వీరియెడ ఉపేక్షయు వివక్షయు చూపినదని, ఆ ప్రభుత్వమే నియమించిన విచారణసంఘము 2003లో తేల్చినది.

ఈ యెడబాటును పెంచునది బడి. యూదుల బిడ్డలు హీబ్రూ బడికిని, అరబ్బుల బిడ్డలు అరబ్బీ బడికిని పోవుదురు. ఒకరి ముఖ మొకరు ఎఱుగకయే పెక్కుమంది పెద్దవారగుదురు. ముఖమెఱుగనివానినిగూర్చి ఎవరేమి చెప్పినను నమ్ముట సులభము గదా!

దీనికి విరుగుడుగా కొందఱు తలిదండ్రులు పూనుకొనిరి. ఉభయజాతులవారును కలిసి కాపురముండు నెవే షాలోం – వాహత్ అల్ సలాం అను గ్రామములో 1984లో ద్విభాషా పాఠశాల వెలసినది. రెండు భాషలలోను ఆ పేరునకు శాంతి ఒయాసిస్సు అనియే భావము. 1998లో యెరూషలేమునందును గలిలయయందును, 2004లో కఫర్ ఖారా అను అరబ్బు గ్రామమునందును అట్టి బడులే ఏర్పడెను. తరగతిలో ఒక యూదు గురువును ఒక అరబ్బు గురువును కలిసి బోధింతురు.

ఆ గురువులకు కఠినమైన పాఠము 1948వ సంవత్సరము. ఒకరికి అది స్వాతంత్ర్యము. మఱియొకరికి నక్బా, అనగా మహావిపత్తు. ఒకే బల్లపై కూర్చున్న ఇద్దఱు పిల్లలకు ఆ రెండును చెప్పవలెను. ఏ బిడ్డయు తన తాతను అవమానించిరని కంటనీరు పెట్టుకొని ఇంటికి పోరాదు.

2014 నవంబరు 29వ తేదీ రాత్రి యెరూషలేము బడిలో ఒకటవ తరగతి గదికి నిప్పుపెట్టి, గోడలపై ద్వేషవాక్యములు వ్రాసిరి. ఆ నేరమునకు ముగ్గురు యూదులకు కారాగారశిక్ష పడినది. బడి మాత్రము మూతపడలేదు.

ఈ బడులు కొలదియే. 2018లో చేసిన చట్టము అరబ్బీకి రాజభాషా ప్రతిపత్తిని తొలగించినది. 2021 మే మాసమున లోద్, అక్కా పట్టణములలో ఇరుగుపొరుగులే కలహించి ఇండ్లు, దుకాణములు తగులబెట్టుకొనిరి. చట్టము చేయు అన్యాయమును బడి తీర్చజాలదు. అయినను, పొరుగువాని దుఃఖమును అతని నోటనే వినిన బిడ్డకు అతనిపై నిప్పు విసరుట కొంత కష్టమగునని నా నమ్మకము.

నా విద్యార్థులకు నేను ఒక్క గొంతునే వినిపించితిని. రెండవ గొంతు నడుగుట నాకు తోచనే లేదు. మీ మనుమలకు పాతకథలు చెప్పునపుడైనను మీరు ఆ లోపమును దిద్దుదురుగాక.