వాసిరెడ్డి జమీందారీలో ఆంతరంగికుల ప్రాబల్యం: నందిగామ, జగ్గయ్యపేట నేపథ్యం

జర్మనీ చక్రవర్తి రెండవ విల్‌హెల్మ్ పాలనను (1888–1918) చర్చించే చరిత్రకారులు అతని ఆప్తమిత్రుడు ఫిలిప్ ఆయ్లెన్‌బుర్గ్‌ను విస్మరించరు. అతడు మంత్రి కాడు, వియన్నాలో రాయబారి మాత్రమే. అయినా బ్యూలో 1897లో విదేశాంగ కార్యదర్శిగా, 1900లో ఛాన్సలర్‌గా నియమితుడు కావడం వెనుక అతని పలుకుబడి ఉంది. నియామకాధికారం చక్రవర్తిదే గనుక చక్రవర్తి చెవి దొరికినవానికి రాజ్యమే దొరికింది.

ఈ కొలబద్ద పూర్వపు ఉమ్మడి కృష్ణాజిల్లా మెట్టప్రాంతానికి యథాతథంగా సరిపోదు. నందిగామ పరగణా దేశ్‌ముఖీతో ఎదిగిన వాసిరెడ్డి వంశంలో వేంకటాద్రినాయుడు (మ. 1816) ప్రసిద్ధుడు. బేతవోలు వద్ద తండ్రి జగ్గన్న పేర జగ్గయ్యపేటను అభివృద్ధి చేసినవాడు అతడే. స్థానిక కథనాలు అతణ్ణి స్వతంత్ర ప్రభువుగా కీర్తిస్తాయి. అయితే నందిగామ ఉన్న కొండపల్లి సర్కారు 1766లోనే ఈస్టిండియా కంపెనీకి దత్తమైంది. కృష్ణకు దక్షిణాన ఉన్న గుంటూరు సర్కారు మాత్రం 1788లో గాని దాని చేతికి రాలేదు. అంతవరకు నదికి ఇరువైపులా భూములున్న ఆ కుటుంబం రెండు ప్రభుత్వాలకు లెక్క చెప్పవలసివచ్చింది.

అట్టి స్థితిలో ప్రభువు మనసెరిగిన వానికంటె లెక్క తెలిసినవాడే బలవంతుడు. ములుగు పాపయారాధ్యులు నాయుని ఆదరం పొందిన కవి. దేవీభాగవతాన్ని తెలుగు చేశాడు. సాహిత్య చరిత్రలు సహజంగా అతని వద్దే ఆగుతాయి. కాని పేష్కషు చెల్లింపు, కలెక్టరుతో ఉత్తరప్రత్యుత్తరాలు, గ్రామాల జమాబందీ దివాను, గుమాస్తాల చేతిలోనివి. 1802 నాటి శాశ్వత పరిష్కారంతో పేష్కషు స్థిరపడిన తరువాత జమీందారుకు మిగిలిన స్వేచ్ఛ ప్రధానంగా వ్యయంలోనే. మంగళగిరి గాలిగోపురం వంటి నిర్మాణాలను భక్తికి నిదర్శనాలుగానే చదవడం చాలదు. ఆ వ్యయం ఎవరి చేతుల మీదుగా సాగిందన్నది కూడ పరిశీలనార్హం.

ఆంతరంగికుల ప్రాబల్యానికి అసలు పరీక్ష నాయుని మరణానంతరం వచ్చింది. అతని దత్తపుత్రులు జగన్నాథబాబు, రామనాథబాబుల వారసత్వ వివాదం వ్యాజ్యమై లండన్‌లోని ప్రీవీ కౌన్సిలు దాకా వెళ్ళింది. మొదటి దత్తుడు జీవించి ఉండగా చేసుకొన్న రెండవ దత్తత చెల్లదని 1846లో ఆ న్యాయపీఠం తీర్పు చెప్పింది. ‘రంగమ్మ–అచ్చమ్మ’ వ్యాజ్యంగా హిందూ దత్తత న్యాయానికి అది ప్రమాణమైంది. ఆస్తి కోర్టులో ఉన్నంతకాలం దస్తావేజులు భద్రపరచినవానికీ, సాక్ష్యం పలికేవానికీ గిరాకీ తగ్గదు. ఆయ్లెన్‌బుర్గ్ ప్రాబల్యం చక్రవర్తి విముఖుడైన నాడే ముగిసింది; జమీందారీ ఉద్యోగి ప్రాబల్యానికి ప్రభువు బ్రతికి ఉండవలసిన అవసరం కూడ లేకపోయింది.