నల్లపావుల విజయము

చదరంగమున తెల్లపావులవాడే మొదటి ఎత్తు వేయును. అందుచేత సమానుల నడుమ సైతము నల్లపావులవానికి గెలుపు కష్టము. ఎదుటివాడు దేశమున పేరుపొందిన ప్రవీణుడును, నల్లపావులవాడు పదుమూడేండ్ల బాలుడును అయినచో చెప్పవలసినదేమి? 1956 అక్టోబరు 17వ తేదీన న్యూయార్కులోని మార్షల్ చదరంగ సంఘమున, రోజెన్‌వాల్డ్ స్మారక పోటీలో అట్టి ఆట జరిగెను. తెల్లపావులు డొనాల్డ్ బైర్న్‌వి. నల్లపావులు బాబీ ఫిషర్‌వి.

ఫిషర్‌కు తొలుత గురువు లేడు. ఆరేండ్ల ప్రాయమున అక్కయు తానును, అంగడిలో కొన్న పావులపెట్టెలోని నియమముల కాగితము చూచి ఆట నేర్చిరి. 1951 జనవరి 17న బ్రూక్లిన్ గ్రంథాలయ భవనమున మాక్స్ పేవీ యను నిపుణుడు ఒకేసారి పలువురితో ఆడెను. వారిలో ఈ బాలుడొకడు. కొలది నిమిషములలోనే ఓడిపోయెను. చూచుచున్న బ్రూక్లిన్ చదరంగ సంఘాధ్యక్షుడు కార్మైన్ నైగ్రో ఆ ఓటమిలో ఏమి కనిపెట్టెనో గాని, వానిని తన సంఘమునకు పిలిచి నేర్పెను. గ్రంథాలయపు సావడికి ఇట్టి ఉపయోగమును కలదని మన పాఠకులు గమనింతురుగాక.

ఇక ఆటకు వత్తము. బైర్న్ తన రాజును కోటలో చేర్చక నడుమనే యుంచెను. పదునొకండవ ఎత్తున ఫిషర్ గుఱ్ఱమును పలక అంచున, శత్రువు నోటికి అందునట్లు నిలిపెను. దానిని చంపినచో నడిమి బంటు పోయి రాజుపైకి దారి తెరచుకొనును, బైర్న్ చంపలేదు. అసలు విశేషము పదునేడవ ఎత్తు. తెల్లశకటు నల్లమంత్రిని పట్టియుండగా, ఫిషర్ మంత్రిని కాపాడుకొనక తన శకటు నొకదానిని వెనుకకు జరిపెను! ఆ శకటును చంపినచో అయిదెత్తులలో గుఱ్ఱముతో ఆటకట్టు. బైర్న్ మంత్రినే చంపెను. పిమ్మట వరుసగా అయిదెత్తులు ఫిషర్ తెల్లరాజునే ముట్టడించెను. రాజు రెండు గళ్ళ నడుమ అటునిటు తిరుగవలసివచ్చెను. మంత్రికి బదులుగా ఏనుగు, రెండు శకటులు, బంటు దక్కినవి. 41వ ఎత్తున ఏనుగుతో ఆట కట్టునప్పటికి తెల్లమంత్రి సజీవముగనే యుండెను. కాని నల్లవారి చివరి వరుసలో, తన రాజునకు కొరగాక.

ఓటమి తేటపడగనే ఆట విడిచి లేచుట ప్రవీణుల వాడుక. బైర్న్ లేవలేదు, బాలునిచేత చివరి కట్టు పలకపై వేయనిచ్చెను. మంత్రిబలికన్న ఇది తక్కువదని నే ననుకొనను.

హాన్స్ క్మోక్ చెస్ రివ్యూ పత్రికలో దీనికి శతాబ్దపు ఆట యని పేరిడెను. ఆ పోటీలో ఫిషర్‌కు మొదటి స్థానము రాలేదు. ప్రపంచ విజేత యగుట 1972లో. నలువదియొక్క ఎత్తులును అచ్చులో నున్నవి. పావులు గలవారు పలక పరచి నడపి చూడవచ్చును. పదునేడవ ఎత్తుకడ కొంచెము ఆగవలెను.