రియాల్ రేటు, ఇరవై లక్షల తిప్పుళ్ళు

బర్కాలో ఉన్నా, ఊళ్ళో ఉండి డబ్బు అందుకుంటున్నా, నెలాఖరుకి మనం చూసేది రియాల్ రేటే. ఎక్సెల్‌లో ఒక కాలమ్‌లో నెలనెలా రియాల్‌కి ఎన్ని రూపాయలో, పక్క కాలమ్‌లో డాలర్‌కి ఎన్నో రాసి, కోరెల్ ఫార్ములా వేసి చూడండి. దాదాపు 1 వస్తుంది. రెండూ జోడెద్దుల్లా నడుస్తున్నాయన్నమాట. దీన్నే సహసంబంధం అంటారు.

ఈ లెక్క పాతదే. 1888లో ఇంగ్లండులో ఫ్రాన్సిస్ గాల్టన్, మనిషి ఎత్తుకీ ముంజేతి పొడవుకీ ఉన్న పొంతనని ఒక్క అంకెలో చెప్పొచ్చని చూపించాడు. ఇప్పుడు ఎక్సెల్ వాడే సూత్రాన్ని 1896లో కార్ల్ పియర్సన్ స్థిరపరిచాడు.

మరి నాలుగైదు నెలల లెక్కతో వచ్చిన పొంతన నిజమా, కాకతాళీయమా? అది తేల్చుకునే పట్టికల్ని 1938లో తెచ్చింది ఒక స్త్రీ, ఫ్లోరెన్స్ నైటింగేల్ డేవిడ్. చేత్తో పిడి తిప్పే లెక్కల మిషను మీద చేసిన పని అది. ఆ పిడిని ఇరవై లక్షల సార్లు తిప్పి ఉంటానని ఆవిడే తర్వాత చెప్పింది. మనకి ఎంటర్ నొక్కితే చాలు!

మన తెలుగాయన సి.ఆర్. రావు గారు 1946లో కేంబ్రిడ్జి వెళ్ళి, సూడాన్‌లో తవ్వితీసిన పాత అస్థిపంజరాల కొలతల మీద పనిచేశారు. పొడుగు చేతులవాళ్ళకి కాళ్ళూ పొడుగే ఉంటాయి కదా. ఆ పొంతనని లెక్కలోకి తీసుకుంటే గానీ, ఎవరు ఏ జనానికి దగ్గరో తేలదు. చిన్నప్పుడు తెల్లవారుజామున 4 గంటలకి లేపి, దీపం వెలిగించి చదివించిన తల్లి లక్ష్మీకాంతమ్మ గారిని ఆయన తన పుస్తకంలో తలుచుకున్నారు.

అంకె చెప్పనిది కారణం. రియాల్, డాలర్ కలిసి నడవడానికి కారణం ఉంది: 1986 నుంచి ఒమన్ ఒక్కో రియాల్‌ని సుమారు 2.60 డాలర్లకి కట్టేసింది. మీ అబ్బాయి ఎత్తూ రియాల్ రేటూ కూడా పదేళ్ళుగా కలిసే పెరిగి ఉంటాయి. ఆ రెంటికీ ఏ చుట్టరికమూ లేదు, కాలం గడిచిందంతే.

ఆర్‌ఎస్‌క్యూ ఫార్ములా అయితే, చుక్కలకి గీత ఎంత బాగా అతికిందో చెబుతుంది. 0.9 వస్తే హెచ్చుతగ్గుల్లో 90 శాతం ఆ గీతతో సరిపోయినట్టు. కానీ 1973లో ఫ్రాన్సిస్ ఆన్‌స్కోంబ్ నాలుగు పట్టికలు చూపించాడు. నాలుగింటికీ అది 0.67. గ్రాఫ్ గీస్తే ఒకటి వంపు, ఇంకోదాంట్లో ఒక్క చుక్కే గీతని లాగేసింది!

అందుకే ముందు గ్రాఫ్ చూడండి, తర్వాత కారణం వెతకండి. గీత పైకి వెళ్తోంది కదా అని డబ్బు పంపడం ఆపితే, ఇంటి దగ్గర అప్పు వడ్డీ మాత్రం ఆగదు.