పెంపుడు జంతువుల బీమా: వెలకు భరోసా, ప్రాణానికి భరోసా

గత సంవత్సరం మా వీధిలోని ఒక విశ్రాంత ఉపాధ్యాయుడు తన కుక్కను చేతులతో ఎత్తుకొని మా ఇంటికి వచ్చారు. మోటారు సైకిలు తగిలి దాని వెనుక కాలి ఎముక విరిగింది. నేను మనుషులకు వైద్యం చేసినవాడిని. విరిగిన కాలు కదలకుండా కట్టు కట్టి పశువైద్యశాలకు పంపడం తప్ప నేను చేయగలిగినది లేకపోయింది. కొన్ని వారాల తరువాత ఆయన ఒక పాలసీ కాగితంతో మళ్ళీ వచ్చారు. శస్త్రచికిత్స ఖర్చు ఇవ్వబోమని బీమా సంస్థ తెలిపిందట.

"డాక్టరు గారూ, మూడేళ్ళుగా ప్రీమియం కడుతున్నాను. ఇది మోసం కాదా?" అని అడిగారు.

కాగితం ఆసాంతం చదివాను. అందులో మోసం లేదు. ప్రమాదం వలన గాని, వ్యాధి వలన గాని కుక్క మరణిస్తే దాని వెల చెల్లిస్తామని స్పష్టంగా ఉంది. కుక్క బ్రతికింది కాబట్టి చెల్లించవలసినది ఏమీ లేదు!

బ్రతికించుకొన్నవారికి ఏమీ ఇవ్వని ఈ బీమా ఎలా పుట్టిందో తెలియాలంటే కొంత చరిత్ర చూడాలి. ఆ చరిత్ర తెలిస్తే నేడు మీ ముందుకు వచ్చే పథకాలను పోల్చి చూడడం సులభమవుతుంది.

జంతు బీమా చరిత్ర చెప్పేవారు సాధారణంగా స్వీడన్ దేశంతో మొదలుపెడతారు. 1890లో క్లాస్ విర్జిన్ అనే ఆయన అక్కడ గుర్రాలకు, పశువులకు బీమా ప్రారంభించాడు. ఆ రోజులలో సేద్యానికి, రవాణాకు గుర్రమే ఆధారం. గుర్రం చనిపోతే రైతు పెట్టుబడి పోయినట్లే. అందువలన జంతువు వెలకు బీమా కట్టడం సహజమే. 1924లో అదే దేశంలో ఒక కుక్కకు తొలిసారిగా పాలసీ ఇచ్చారు. బ్రిటన్‌లో తొలి పెంపుడు జంతువు పాలసీ 1947లో వెలువడింది.

పాడిపశువుకు, పెంపుడు కుక్కకు ఒక భేదం ఉంది. గేదె చనిపోతే వచ్చిన సొమ్ముతో మరో గేదెను కొనవచ్చు. ఇంటిలో పదేళ్ళు మసలిన కుక్క పోతే ఏ సొమ్మూ దానిని తిరిగి తేలేదు. యజమానికి కావలసినది చికిత్సకు సహాయం. ఈ విషయాన్ని గుర్తించినవారిలో బ్రిటన్‌కు చెందిన పాట్సీ బ్లూమ్ ఒకరు. తన కుక్క వైద్యానికి అయిన ఖర్చు ఆమెను ఆలోచింపజేసింది. మనుషులకు ఆరోగ్య బీమా ఉన్నప్పుడు జంతువులకు ఎందుకు ఉండకూడదనుకొని, 1976లో డేవిడ్ సింప్సన్‌తో కలసి పెట్‌ప్లాన్ సంస్థను స్థాపించింది.

అమెరికాలో ఈ పనికి పూనుకొన్నది జాక్ స్టీఫెన్స్ అనే పశువైద్యుడు. నయం చేయదగిన జబ్బు అయినా యజమాని వద్ద డబ్బు లేక జంతువుకు మరణపు సూది వేయవలసి రావడం ఆ వృత్తిలో నిత్యానుభవం. అటువంటి ఒక కుక్కను పెంచిన చిన్న పాప తరువాత తనను దుకాణంలో చూసి, 'నా కుక్కను చంపినది ఈయనే' అన్నదని, ఆ మాటే తనను బీమా వైపు మళ్ళించిందని ఆయన చెప్పుకొన్నారు. 1980లో కొన్ని వందలమంది పశువైద్యుల పెట్టుబడితో సంస్థ ఏర్పడింది. 1982లో దాని తొలి పాలసీని టెలివిజన్‌లో ప్రసిద్ధి చెందిన లాసీ అనే కుక్కకు ఇచ్చారు.

మన దేశంలో 1973లో సాధారణ బీమా జాతీయమయిన తరువాత పశువుల బీమా పల్లెలకు విస్తరించింది. బ్యాంకు అప్పుతో గేదెను కొన్నవారికి దాని చెవికి వేసే బిళ్ళ, పశువైద్యుడు కట్టే వెల, చనిపోతే శవపరీక్ష ధ్రువపత్రం సుపరిచితాలే. 'బిళ్ళ లేనిదే క్లెయిము లేదు' అన్న నియమం చాలామంది రైతులకు కంఠస్థం. ప్రభుత్వరంగ సంస్థలు కుక్కలకు ఇచ్చిన పాలసీలలోనూ మరణ పరిహారానిదే ప్రధాన స్థానం. మా ఉపాధ్యాయుని పాలసీ ఆ వంశానిదే. శస్త్రచికిత్స, ఆసుపత్రి ఖర్చులు ప్రధానంగా గల కుక్కల పాలసీని 2020లో అప్పటి బజాజ్ అలియాంజ్ సంస్థ విడుదల చేసింది. తరువాత పిల్లులకు కూడా పాలసీలు వచ్చాయి.

కాబట్టి ఏ పథకాన్ని చూసినా మీరు వేయవలసిన మొదటి ప్రశ్న ఇది: ఈ పాలసీ జంతువు చనిపోతే డబ్బు ఇస్తుందా, బ్రతికించడానికి ఇస్తుందా?

రెండవ ప్రశ్న, ఎంతకాలం ఇస్తుంది? బ్రిటన్‌లో పథకాలు నాలుగు రకాలు. మొదటిది ప్రమాదాలకు మాత్రమే వర్తిస్తుంది. రెండవది ఒక్కొక్క వ్యాధికి సాధారణంగా పన్నెండు నెలలు మాత్రమే చెల్లిస్తుంది. మూడవ దానిలో కాలపరిమితి లేదు గాని, ఒక్కొక్క వ్యాధికి ఇంత మొత్తమే అని హద్దు ఉంటుంది. నాలుగవది జీవితకాల పథకం. ఏటా నవీకరించుకొంటే పరిమితి మళ్ళీ మొదటికి వస్తుంది. కాలు విరిగితే పన్నెండు నెలల పథకం చాలవచ్చు. వృద్ధాప్యంలో పిల్లులకు తరచు వచ్చే మూత్రపిండాల వ్యాధికి, మధుమేహానికి అది చాలదు. అవి మనుషులలో వలెనే జీవితాంతం వెంట ఉండే జబ్బులు.

మూడవ ప్రశ్న, వేటిని మినహాయిస్తుంది? పాలసీకి ముందే ఉన్న వ్యాధులకు సాధారణంగా ఎవరూ చెల్లించరు. ఇక్కడ ఒక వైద్యునిగా మిమ్మల్ని హెచ్చరిస్తున్నాను. పిల్లి తన బాధను దాచుకొనే జీవి. 'కొన్ని నెలలుగా నీళ్ళు ఎక్కువగా తాగుతున్నది' అని పశువైద్యుడు చీటీలో వ్రాసిన ఒక్క వాక్యం తరువాత క్లెయిమును నిలిపివేయగలదు. అలాగని లక్షణాలు దాచకండి. జంతువు ఆరోగ్యంగా, చిన్న వయసులో ఉన్నప్పుడే పాలసీ తీసుకోండి. జాతికి సంబంధించిన మినహాయింపులు కూడా చదవండి. లాబ్రడార్‌కు తుంటి కీలు, డాక్స్‌హండ్‌కు వెన్నుపూసల మధ్య డిస్కులు, పగ్‌కు శ్వాస బాధలు తెచ్చిపెడతాయి. వాటినే మినహాయించిన పాలసీ ఆ కుక్కకు గొడుగు ఇచ్చి వానలో తెరవవద్దన్నట్లే.

నాలుగవ ప్రశ్న, చేతికి ఎంత వస్తుంది? ఉదాహరణకు, చికిత్సకు 50,000 రూపాయలు అయిందనుకోండి. మొదటి 5,000 మీరు భరించాలి, మిగిలిన దానిలో 80 శాతం సంస్థ ఇస్తుంది అంటే మీకు 36,000 వస్తాయి. ముందు 80 శాతం లెక్కకట్టి ఆపై 5,000 తగ్గిస్తే 35,000 వస్తాయి. వార్షిక పరిమితి 30,000 అయితే ఏ లెక్కలోనైనా 30,000కు మించి రాదు. అందువలన ప్రీమియంలను మాత్రమే పోల్చకండి. పిల్లుల ప్రీమియం సాధారణంగా కుక్కల కంటే తక్కువ. రెండింటికీ వయసుతో పెరుగుతుంది.

అమెరికాలో ఉన్న మన పిల్లలకు మరొక మాట. అక్కడ చాలా పాలసీలలో ముందు మీరు చెల్లించి తరువాత తిరిగి పొందాలి. అక్కడి రాష్ట్రాల బీమా అధికారుల సంఘం 2022లో ఒక నమూనా చట్టాన్ని ఆమోదించింది. దాని ప్రకారం ప్రమాదాలకు వేచివుండే గడువు ఉండరాదు, వ్యాధులకు 30 రోజులు మించరాదు. వ్యాధి ముందే ఉన్నదని నిరూపించవలసిన భారం సంస్థదే. ఇది రాష్ట్రం ఆమోదిస్తేనే అమలవుతుంది గనుక మీ రాష్ట్రంలో ఉన్నదో లేదో విచారించండి.

ఏ పాలసీ తీసుకొన్నా రేబీస్ టీకాలు సకాలంలో వేయించండి. వాటి ఖర్చును చాలా పాలసీలు ఇవ్వవు. వేయించకపోతే మాత్రం క్లెయిముకు అడ్డు రావచ్చు. అంతకంటే ముఖ్యంగా, ఆ టీకా కుక్కతోపాటు మీ ఇంటి పసిపిల్లలనూ కాపాడుతుంది.

మా ఉపాధ్యాయుని కుక్క ఇప్పుడు కొద్దిగా కుంటుతూ నడుస్తున్నది. ఆయన పాత పాలసీ మానుకొని చికిత్స ఖర్చులిచ్చే పాలసీ తీసుకొన్నారు. విరిగిన ఆ కాలికి అది వర్తించదని ఈసారి ఆయనే చదివి నాకు చెప్పారు.