తవుడు గేదెకు, తెల్లన్నం చూలాలికి

1832–33లో వచ్చిన కరువును మనవాళ్ళు డొక్కల కరువు అన్నారు. మనుషుల డొక్కలు బయటపడి ఎముకలు లెక్కపెట్టగలిగిన కాలం అది. ఒక్క గుంటూరు సీమలోనే లక్షకు పైగా ప్రాణాలు పోయాయి. ఆ తర్వాత ఇరవై ఏళ్ళకు, ఇంజనీరు ఆర్థర్ కాటన్ పట్టుబట్టగా, కెప్టెన్ ఛార్లెస్ ఓర్ పర్యవేక్షణలో బెజవాడ దగ్గర కృష్ణకు ఆనకట్ట కట్టడం మొదలైంది. 1855కి అది పూర్తయింది. కాలువల వెంట నీళ్ళు పారాయి, మెట్ట మాగాణి అయింది. అక్కణ్ణుంచి డెల్టా చరిత్రను మనం గాదెల చరిత్రగానే రాసుకుంటూ వచ్చాం. ఆ మాగాణిలో నాట్లు వేసిన ఆడవాళ్ళకు ఎంత బరువు బిడ్డలు పుట్టారన్నది అందులో కనపడదు. కాన్పు ఇంట్లోనే మంత్రసాని చేతుల మీద జరిగేది, బిడ్డను కాటాలో పెట్టే అలవాటే లేదు. పుట్టినప్పుడు రెండున్నర కిలోలు తూగకపోతే బరువు తక్కువ బిడ్డ అన్న కొలమానాన్ని ప్రపంచ ఆరోగ్య సంస్థ 20వ శతాబ్దం నడిమధ్యలో గానీ తేలేదు. అయినా బిడ్డ బరువును కోసేసే కారణాలకు ఆనవాళ్ళు మిగిలాయి. వాటిని ఒకచోట చేర్చి చూస్తే నాకు తోచేది ఒకటే: గాదె నింపిన పద్ధతే తల్లి ఒంట్లో రక్తాన్ని పలచన చేసింది. ఇక్కడ కొరత బియ్యానికి కాదు. ఆ బియ్యం ఎలా పండింది, ఎలా తయారైంది, ఎవరి కంచంలోకి ఏ రూపంలో వచ్చింది అన్న దగ్గరే చిక్కంతా ఉంది.

ముందు మిల్లు సంగతి చూద్దాం. రోట్లో దంచుకున్న బియ్యానికి ఎర్రటి పొర కొంత అంటుకునే ఉంటుంది. గత శతాబ్దం మొదటి దశాబ్దాల్లో బెజవాడ, గుడివాడ, తెనాలి చుట్టూ రైస్ మిల్లులు లేచాక ఆ పొర మరలో పోయింది. తెల్లగా, సన్నగా ఉన్న బియ్యం తినడం పెద్దరికమైంది. తవుడు కుడితిలో కలిపి గేదెకు పెట్టారు. ఇంట్లో మిగిలిన బియ్యాన్ని రెండుమూడు సార్లు కడిగి, అన్నం వండి గంజి వార్చేశారు. బీ-1 విటమిన్ అలా మూడు దారుల్లో పోయింది. దాని ఫలితం బెరిబెరి. కూనూరు పోషకాహార పరిశోధనాలయానికి డైరెక్టరుగా ఉన్న ఏక్రాయిడ్, తన సహచరులతో కలిసి 1940లో ప్రచురించిన నివేదికలో ఈ తేడాను స్పష్టంగా చూపించాడు: ఉప్పుడు బియ్యం తినే తమిళ ప్రాంతాల్లో బెరిబెరి దాదాపు లేదు, పచ్చి బియ్యాన్ని మరపట్టి తినే, మన డెల్టా ఉన్న ఉత్తర సర్కారుల్లో అది పాతుకుపోయింది. వడ్లను ఉడకబెట్టి ఎండబెట్టినప్పుడు పైపొరలోని విటమిన్ గింజలోపలికి ఇంకుతుంది, తర్వాత మర పట్టినా పూర్తిగా పోదు. రెండుచోట్లా అన్నమే, రెండుచోట్లా పేదలే. తేడా అంతా గింజను సిద్ధం చేసిన తీరులో ఉంది. డెల్టాలో చూలాలి కంచంలోకి వచ్చిందీ ఆ మరపట్టిన తెల్లన్నమే.

రక్తం సంగతి ఇంకా లోతైనది. 1928లో బొంబాయి వచ్చిన ఆంగ్ల వైద్యురాలు లూసీ విల్స్, అక్కడి గర్భిణులను పీడిస్తున్న ఒక తరహా రక్తహీనత ఈస్ట్ సారంతో తగ్గుతుందని 1931లో ప్రకటించింది. ఆ సారంలోని పదార్థమే ఫోలిక్ యాసిడ్ అని పదేళ్ళకు పైగా గడిచాక తేలింది. కూనూరు సంస్థ 1958లో హైదరాబాదు వచ్చి, తర్వాత జాతీయ పోషకాహార సంస్థ అయింది. అక్కడే లీలా అయ్యంగార్, రాజలక్ష్మి 1975లో ఫోలిక్ యాసిడ్ ఇచ్చిన తల్లుల బిడ్డల బరువు పెరగడాన్ని చూపించారు. మనవాళ్ళు ‘రక్తం లేదు, తెల్లగా పాలిపోయింది’ అని చెప్పుకునే మాటకూ బిడ్డ బరువుకూ మధ్య ఉన్న బంధం అది. ఆకుకూరలు, పప్పు తక్కువైన కంచం ఒక కారణమైతే, చెప్పుల్లేని పాదాల గుండా ఒంట్లోకి దూరి పేగుల్లో రక్తం పీల్చే కొంకి పురుగు ఇంకో కారణం. తడి, వెచ్చటి మట్టి దానికి ఎంతో అనుకూలం. మాగాణిలో రెండూ ఉంటాయి.

ఇక పని. నాట్లు వేసే మనిషిని దగ్గర్నుంచి చూస్తే గానీ ఇది అర్థం కాదు. ఎడమ చేతిలో నారు కట్ట, కుడి చేత్తో మూడు నాలుగు మొక్కలు విడదీసి బొటనవేలితో బురదలో గుచ్చడం, నడుం ఎత్తకుండా ఒక్కో అడుగు వెనక్కి వేయడం. పొద్దున దిగిన మనిషి సాయంత్రానికి గానీ గట్టెక్కదు. అదీ ఆషాఢ శ్రావణాల్లో, కూలి ఇంట గింజలు అడుగంటే రోజుల్లో. పుణె దగ్గర ఆరు పల్లెల్లో 1990లలో జరిగిన అధ్యయనం, కడుపుతో ఉండి బరువు పనులు ఎక్కువ చేసినవాళ్ళ బిడ్డలు చిన్నగా పుట్టారని చూపింది. గాంబియాలోని కెనెబాలోనూ తిండి తరిగి పొలం పని పెరిగే వానకాలంలో పుట్టిన బిడ్డలు తేలికగా ఉన్నారు.

తల్లుల మూఢనమ్మకాలే అసలు కారణం కాదా అని అడగవచ్చు. ఎక్కువ తింటే బిడ్డ పెద్దదై కాన్పు కష్టమవుతుందని తిండి తగ్గించుకోవడం నిజమే. కానీ చిన్నప్పటి ఆకలితో కటి ఎముకలు ఎదగని మనిషికి, ఆసుపత్రి లేని ఊళ్ళో, బిడ్డ అడ్డం తిరిగితే చావే దిక్కైన రోజుల్లో ఆ భయం అర్థంలేనిదని నేననను. ఆ భయాన్ని తగ్గించగలిగింది ఆసుపత్రి కాన్పే. పైగా మన ఆచారాల్లో సూడిదలు ఉన్నాయి, చలిమిడి పెట్టడం ఉంది, తొలికాన్పుకు పుట్టింటికి పంపడం ఉంది. చూలాలికి తిండీ, విశ్రాంతీ కావాలని మన పెద్దలకు తెలుసు. కూలి తల్లికి పుట్టిల్లూ కూలి ఇల్లే కావడం వల్ల అవి అందలేదు.

మరొక అభ్యంతరం: మన జాతే చిన్నది, చిన్నగా పుడితే తప్పేమిటి? చిన్నగా ఉన్నా ఆరోగ్యంగా ఉండవచ్చని 1980ల మొదట్లో అమెరికా ఆర్థికవేత్త డేవిడ్ సెక్లర్ వాదించాడు. జాతీయ పోషకాహార సంస్థను ఏళ్ళ తరబడి నడిపిన సి. గోపాలన్ దాన్ని గట్టిగా ఎదుర్కొన్నారు. మన దేశంలోనే కలిగిన కుటుంబాల బిడ్డలు పేదల బిడ్డలకంటే బరువుగా పుడుతుంటే, తప్పును జాతి మీదికి నెట్టడం ఎలా కుదురుతుంది? తల్లి ఎత్తు ఆమె చిన్ననాటి కంచాన్ని చెబుతుంది, ఆ ఎత్తు మళ్ళీ బిడ్డ బరువులోకి దిగుతుంది. 1987లో మైకేల్ క్రేమర్ అనే పరిశోధకుడు బరువు తక్కువ బిడ్డల మీద వచ్చిన వందల అధ్యయనాలను వడపోసినప్పుడు పేద దేశాల్లో ముఖ్యమైనవిగా తేలిన కారణాల్లో తల్లి ఎత్తూ, గర్భానికి ముందు ఆమె బరువూ, గర్భంలో తిండీ ఉన్నాయి.

1983లో కృష్ణా జిల్లా నిమ్మకూరు బిడ్డ ఎన్టీఆర్ కిలో బియ్యం రెండు రూపాయలకు ఇచ్చాడు. ఆకలి తగ్గింది, అది చిన్న విషయం కాదు. కానీ ఇచ్చింది తెల్ల బియ్యమే. 2020లలో రేషన్ బియ్యంలో ఐరన్, ఫోలిక్ యాసిడ్, బీ-12 కలిపిన గింజలను వందకు ఒకటి చొప్పున చేర్చారు. ఆ గింజలు చేరిన ఇళ్ళ పరిస్థితి 2019–21 జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వేలో ఉంది: ఆంధ్రప్రదేశ్ గర్భిణుల్లో సగానికి పైగా రక్తహీనులు, 20–24 ఏళ్ళ స్త్రీలలో 29 శాతం మందికి 18 నిండకముందే పెళ్ళయింది. కాన్పుకు జీతంతో సెలవిచ్చే 1961 ప్రసూతి చట్టం పొలం కూలీల దాకా రాలేదు. 2017లో వచ్చిన కేంద్ర పథకం తొలికాన్పుకు 5 వేల రూపాయలు ఇస్తుంది. నాట్లేమో ఎకరాకింతని గుత్తకు మాట్లాడుకున్న ముఠా వేస్తుంది. ఆరోనెల కడుపుతో ఒకరు గట్టున కూర్చుంటే ఆమె పాలి వరుస మిగిలినవాళ్ళ నడుముల మీద పడుతుంది. అందుకని ఆమె కూడా మడిలోకి దిగుతుంది.