వేపాకు చేదు, కణ మరణం

తిరువళ్ళూరు జిల్లాలో ఆరణి నది ఒడ్డున ఉన్న పెరియపాళయం భవానీ అమ్మన్ ఆలయంలో ఆడి నెల వస్తే వేపాకు చీర కట్టి ప్రదక్షిణం చేసే భక్తులు కనిపిస్తారు. ఊత్తుకోట, సత్యవేడు, నాగలాపురం ప్రాంతాల తెలుగు కుటుంబాలకు ఇది తెలిసిన మొక్కుబడే. ఆ ఆకులోని చేదు పదార్థాలలో ఒకటైన నింబోలైడ్ క్యాన్సర్ పరిశోధకుల దృష్టిని ఆకర్షించింది. అది చేసే పని అర్థం కావాలంటే కణం ఎలా చనిపోతుందో ముందు తెలియాలి.

దెబ్బతిని చనిపోవడం ఒక విధం. అవసరం తీరినప్పుడో, లోపం ఏర్పడినప్పుడో కణం తనంతట తాను క్రమపద్ధతిలో అంతరించడం మరొక విధం. ఈ రెండవదానికి 1972లో కెర్, విల్లీ, క్యూరీ అనే శాస్త్రజ్ఞులు 'అపోప్టోసిస్' అని పేరు పెట్టారు. ఆకు రాలడమని ఆ గ్రీకు మాటకు అర్థం. తోకకప్పకు తోక మాయమవడం, గర్భస్థ శిశువుకు వేళ్లు విడివడడం దీనివల్లనే.

ఈ మరణాన్ని నియంత్రించేది ప్రోటీన్ల మధ్య జరిగే పట్టు విడుపులే. బ్యాక్స్ అనే ప్రోటీన్ కణంలోని మైటోకాండ్రియాకు రంధ్రాలు చేయగలదు. బీసీఎల్-2 అనే మరో ప్రోటీన్ దానిని అదుపులో ఉంచుతుంది. కణానికి ఆపద కలిగినప్పుడు మూడవ రకం ప్రోటీన్లు వచ్చి బీసీఎల్-2 మీది గాడిలో ఇమిడిపోతాయి. బ్యాక్స్‌కు అడ్డు తొలగుతుంది. రంధ్రాల గుండా వెలుపలికి వచ్చిన సైటోక్రోమ్-సి, అపాఫ్-1 అనే ప్రోటీన్‌తో కలిసి ఏడు ఆకుల చక్రంలా ఏర్పడుతుంది. ఈ కూర్పుకు ఏటీపీ జాతి అణువు కావాలి. ఆ ఏటీపీని 1929లో ఫిస్కేతో కలిసి హార్వర్డ్‌లో కనుగొన్నవారు, మద్రాసు వైద్య కళాశాలలో చదివిన మన యల్లాప్రగడ సుబ్బారావు గారే. అదే ఏడాది జర్మనీలో లోమన్ కూడా దానిని విడిగా కనుగొన్నారు. చక్రం సిద్ధమయ్యాక కాస్పేజ్‌లు మేల్కొని కణాన్ని లోపలినుంచి ముక్కలు చేస్తాయి.

కొన్ని క్యాన్సర్లలో బీసీఎల్-2 మితిమీరి తయారవుతుంది. చావవలసిన కణం చావదు. ఆ గాడిలోనే ఇమిడే వెనెటోక్లాక్స్ అనే మందుకు 2016లో అమెరికాలో ఆమోదం లభించింది. దీనిని కొన్ని రక్త క్యాన్సర్లకు వాడుతున్నారు.

ఇక వేప సంగతి. చిదంబరంలోని అణ్ణామలై విశ్వవిద్యాలయానికి చెందిన ఎస్. నాగిని బృందం 2010లో ప్రచురించిన పరిశోధనలో, నింబోలైడ్ గర్భాశయ ముఖద్వార క్యాన్సర్ కణాలలో బీసీఎల్-2 కుటుంబ ప్రోటీన్ల పాళ్లను మార్చి, మైటోకాండ్రియా మార్గంలో వాటిని మరణింపజేసినట్లు తేలింది. 2019లో కాలిఫోర్నియా విశ్వవిద్యాలయం వారు, రొమ్ము క్యాన్సర్ కణాలలో ఇది ఆర్ఎన్ఎఫ్-114 అనే ప్రోటీన్‌కు అంటుకుని, అది తన లక్ష్యాలను పట్టుకోకుండా చేస్తుందని చూపారు.

అయితే ఇవన్నీ ముఖ్యంగా గాజుపాత్రలలోని కణాలపై, ప్రయోగ జంతువులపై కనిపించిన ఫలితాలు. శుద్ధిచేసి తూచి వేసిన నింబోలైడ్ వేరు, నమిలిన గుప్పెడు ఆకు వేరు. మొక్కు మొక్కే, మందు మందే. పసిపిల్లలకు వేపనూనె తాగించగా మూర్ఛలు వచ్చి ప్రాణం మీదికి వచ్చిన సందర్భాలు వైద్యగ్రంథాలలో నమోదై ఉన్నాయి. పొగాకు, వక్క నమిలే అలవాటున్నవారి నోటిలో పుండు రెండు మూడు వారాలకు మానకపోతే వేపాకుతో కాలం గడపక వైద్యుని చేత పరీక్ష చేయించాలి. పెరియపాళయం నుంచి చెన్నై దూరమేమీ కాదు. డాక్టర్ ముత్తులక్ష్మీ రెడ్డి కృషితో 1954లో మొదలైన అడయారు క్యాన్సర్ ఇన్‌స్టిట్యూట్ అక్కడే ఉంది.